అలుగు అరిగిన కత్తెర

కిల్ ఎర్వన్ దగ్గర సముద్రం
నేలలోకి వేలు పెట్టి చూస్తుంది.
ఆ వేలికొసన చర్చి.
గోడలున్నాయి, కప్పు లేదు.
ఆరొందల ఏళ్లు వెల్లకిలా తడిసిన సమాధి పలకల్ని
మొన్నమొన్ననే లేపి గోడకు ఆనించారు,
పడుకున్నవాళ్లని లేపి
పెళ్లిఫోటోకి నిలబెట్టినట్టు.

తాళంచెవి మార్సలి దగ్గర ఉంటుంది.
గొర్రెల మనిషి. డెబ్బై దాటాయి.
ఉన్ని మూటలు కట్టే తాడుతో
చెవిని నడుముకి కట్టుకుంటుంది.
తలుపు తీసి "చూసుకో" అంటుంది,
తను గుమ్మంలోనే ఆగిపోతుంది.
రాళ్ల గురించి మాట్లాడదు.
ఆ పని గోడమీది బోర్డుది.

బోర్డు అంటుంది:
కత్తి అంటే మగవాడు, వంశం కలవాడు.
పడవ అంటే నీళ్లమీద పెత్తనం,
లేదా చివరి ప్రయాణం.
దుప్పి వెంట కుక్కలంటే దొరల వేట,
లేదా ఆత్మను తరిమే లోకం.
కత్తెర అంటే ఆడమనిషి.
అంతే. ఒక్క ముక్క.
పక్కన ఒక 'లేదా' కూడా లేదు.

కత్తులన్నీ ఒకే అచ్చు.
పిడి చివర ఐదు రేకులు, కొస సన్నం.
శిల్పి దగ్గర తోలు నమూనా ఉండి ఉంటుంది,
బయానా అందగానే రాతిమీద పరిచి
చుట్టూ గీసేవాడు.
పోయినవాడు ఎప్పుడైనా కత్తి పట్టాడో లేదో
రాయి అడగదు.

కత్తి పక్కనుంచి ఒక తీగ
తనమీంచి తానే దాటి, తనకిందే దూరి
పలకంతా పాకుతుంది.
నిత్యత్వం, అంది బోర్డు.
నేను వేలితో దాని మొదలు వెతుక్కుంటూ పోయాను.
ఏదో మృగం తోకలో దొరికింది.
మృగం నవ్వుతున్నట్టే ఉంది.

వాన పెద్దదైంది.
తప్పక మార్సలి లోపలికొచ్చింది,
తడి ఉన్ని వాసనతో సహా.
పదకొండో పలక ముందు నేనున్నాను.
'హిక్ యాకెట్', ఇక్కడ పడుకుని ఉన్నది,
అంతవరకే అక్షరాలు.
ఎవరు అన్నచోట రాతిపువ్వు పట్టింది.
కింద, తీగ కాస్త పక్కకి జరిగి చోటిచ్చినచోట,
గొర్రెబొచ్చు కత్తెర.

"ఆ అలుగులు చూడు," అంది.
"ఒకటి పొట్టి."

నిజమే. గోరంత తేడా.
శిల్పి చెయ్యి జారిందేమో అన్నాను.

"తీగ అంత తీగ చెక్కినవాడికి
ఇక్కడొచ్చి జారిందా?
గొర్రె తన్నుంటుంది, కత్తెర రాతిమీద పడుంటుంది.
అలుగుకి గంటు.
ఆ గంటు పోయేదాకా నూరుకుంది.
రెండోదాన్ని ఎందుకు అరగదీస్తుంది,
ఇనుము ఊరికే వస్తుందా?"

అయితే దీనికి తోలు నమూనా లేదు.
ఎవరో ఈ కత్తెరనే
గుడ్డలో చుట్టి శిల్పికి తెచ్చిచ్చారు.
కూతురో, కోడలో,
పేరు పలకలేక వస్తువు చూపించిన మొగుడో.
శిల్పి దాన్ని రాతిమీద పెట్టి చుట్టూ గీశాడు.
గీయగానే తిరిగి తీసుకుపోయుంటారు.
కోతల కాలం వస్తే
గొర్రెలు సమాధుల మాట వినవు కదా.

"నీ కత్తెర?" అన్నాను.
"ఇప్పుడంతా కరెంటు మిషన్లే.
ఈ ఏడు ఉన్ని అమ్మితే
కోత కూలీ కూడా రాలేదు," అంది.
బయట ఒక ముసలి గొర్రె
ఎవరూ లేపని పలకకి
ఒళ్లు రుద్దుకుంటోంది.

తాళం వేసే ముందు మార్సలి మళ్లీ వెనక్కెళ్లింది.
ఆ పొట్టి అలుగుమీద బొటనవేలు పెట్టింది,
నిలువుగా కాదు, అడ్డంగా,
పదును చూసేవాళ్లు చూసినట్టు.